పిల్లలకి పళ్ళ క్లిప్పులు: వేయించే ముందు నుంచి తీయించాక దాకా

ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లలకి పళ్ళు ఎత్తుగా వచ్చాయనో, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయనో డాక్టరు క్లిప్పులు వేయించమంటే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్నలు రెండు. ఎంత అవుతుంది, నొప్పి పుడుతుందా. రెండూ అడగాల్సినవే, కానీ వైద్యం బాగా కుదరడమో చెడడమో వీటి మీద ఆధారపడదు. డాక్టరు నెలకోసారి పావుగంటో అరగంటో చూస్తారు, మిగతా నెలంతా ఆ క్లిప్పులతో ఉండేది పిల్లలే. పళ్ళు తోముకోవడం, రబ్బర్లు తగిలించుకోవడం, జంతికల డబ్బా జోలికి పోకుండా ఉండడం, అపాయింట్‌మెంటు తప్పకుండా వెళ్ళడం, ఇవన్నీ దాదాపు రెండేళ్ళ పాటు సాగాలి. అందుకే ఇక్కడ డాక్టరు కుర్చీలో జరిగే పని కంటే ఇంట్లో జరగాల్సిన పని గురించే ఎక్కువ చెబుతున్నాను. మా అమ్మాయికి వేయించేటప్పుడు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించిన విషయాలు ఇందులో చాలా ఉన్నాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సాధారణంగా 12, 13 ఏళ్ళకి జ్ఞాన దంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాలు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. అందుకే ఎక్కువమందికి క్లిప్పులు ఆ వయసులోనే పడతాయి. పెద్దయ్యాక కూడా వేయించుకోవచ్చు, ముప్ఫై నలభై ఏళ్ళవాళ్ళు కూడా వేయించుకుంటున్నారు. కానీ కింది దవడ వెనక్కి ఉండిపోవడం లాంటి ఎముక సమస్య ఉంటే మాత్రం పిల్లలు ఎత్తు పెరుగుతున్న ఆ రెండు మూడేళ్ళూ చాలా విలువైనవి. ఆ సమయంలో నోట్లో పెట్టుకునే ట్విన్ బ్లాక్ లాంటి పరికరాలతో దవడ ఎదుగుదలకి సాయం చేయవచ్చు. ఎదుగుదల ఆగిపోయాక ఆ అవకాశం ఉండదు, పళ్ళని సర్ది సరిపెట్టుకోవడమో, బాగా తేడా ఉంటే ఆపరేషనో అవుతుంది. ఆడపిల్లలకి ఈ ఎదుగుదల మగపిల్లల కంటే ఒకటి రెండేళ్ళు ముందే వస్తుంది, కాబట్టి అమ్మాయిని ముందే చూపించండి.

చూపించడం వేరు, వేయించడం వేరు. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్ళకే ఒకసారి చూపించమంటుంది. అంత చిన్నప్పుడు చాలామందికి ఏమీ చేయరు, చూసి పంపేస్తారు. మనం కనీసం పదేళ్ళప్పుడైనా ఒకసారి చూపిస్తే పై కోరపళ్ళు సరైన దారిలో దిగుతున్నాయో లేదో తెలుస్తుంది. కోరపన్ను ఎముకలోనే అడ్డంగా ఇరుక్కుపోతే దాన్ని కిందికి లాగి తెచ్చే పని చాలా పెద్దది, ముందే పట్టుకుంటే చాలాసార్లు తేలికలో పోతుంది.

ఇక మన దగ్గర వయసుతో పాటు చూసుకోవాల్సింది చదువుల క్యాలెండరు. పళ్ళు పీకాల్సిన అవసరం లేని మామూలు కేసు ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, పీకాల్సి వస్తే రెండు నుంచి రెండున్నరేళ్ళు పట్టవచ్చు. ఎనిమిదో తరగతి మొదట్లో వేయిస్తే టెన్త్ పరీక్షల నాటికి తీసేయడమో, తీసే దశకి రావడమో జరుగుతుంది. టెన్త్‌లో వేయిస్తే ఇంటర్ సగంలో ఉంటారు, ఆ పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీలో చేరితే నెలనెలా ఔటింగ్ పాస్ కోసం వార్డెన్‌తో మాట్లాడుకోవాలి, ఊరు మారితే డాక్టరు దూరమవుతారు. ఇది చిన్న విషయం కాదు, మూడు నెలలు అపాయింట్‌మెంటుకి వెళ్ళకపోతే పళ్ళు అనుకున్న దారిలో కాకుండా వేరే దారి పట్టవచ్చు. అలాంటి పరిస్థితి ఉంటే అదే ఊళ్ళో డాక్టరుని చూసుకుని మొదలుపెట్టడమో, చదువు ఒక దారికి వచ్చేదాకా ఆగడమో మేలు. కుటుంబం ఏడాదిలో అమెరికాకో గల్ఫ్‌కో వెళ్ళే ఆలోచనలో ఉన్నా అంతే. ఒక డాక్టరు మొదలుపెట్టిన కేసుని ఇంకో దేశంలో ఇంకొకరు అందుకోవాలంటే రికార్డుల దగ్గర్నుంచి ఫీజు దాకా అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

ఎవరి దగ్గర వేయించాలి

బీడీఎస్ తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ళని ఆర్థోడాంటిస్టు అంటారు. పన్ను పుచ్చితే మామూలు డెంటిస్టు చాలు గానీ క్లిప్పులకి మాత్రం ఆర్థోడాంటిస్టునే వెతకండి. చిన్న ఊళ్ళలో ఎక్కువ క్లినిక్‌లకి ఆర్థోడాంటిస్టు నెలకి ఒకటి రెండుసార్లు వేరే ఊరి నుంచి వచ్చి వెళ్తుంటారు. అందులో తప్పేమీ లేదు, కానీ ముందే అడగాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. మధ్యలో తీగ ఊడితే ఎవరు చూస్తారు? రెండేళ్ళూ ఈ డాక్టరే వస్తారా? మా పిల్ల ఫైలు, ఎక్స్‌రేలు మా చేతికి ఇస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట తొందరపడి అడ్వాన్సు కట్టకండి.

ఖర్చు ఊరిని బట్టి, కేసుని బట్టి చాలా మారుతుంది. మెటల్ క్లిప్పులు అన్నిటికంటే తక్కువ, పన్ను రంగులో ఉండే సిరామిక్‌వి అంతకంటే ఎక్కువ, పళ్ళ మీద తొడుక్కునే పారదర్శకమైన తొడుగులకి, అంటే అలైనర్లకి మామూలుగా అన్నిటికంటే ఎక్కువ పడుతుంది. మొత్తం అంకె విని ఊరుకోకుండా అందులో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. ఎక్స్‌రేలు, పళ్ళు పీకడం, ఊడిన బ్రాకెట్ (తీగని పట్టి ఉంచడానికి పంటి మీద అంటించే చిన్న ముక్క) మళ్ళీ అంటించడం, క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా ఇచ్చే రిటైనర్లు, ఇవన్నీ ప్యాకేజీలో ఉన్నాయనుకుంటాం, చాలాచోట్ల విడిగా బిల్లు వేస్తారు. వాయిదాల్లో కట్టే పద్ధతి చాలా క్లినిక్‌లలో ఉంది, అడిగితే ఇస్తారు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే వైద్యం మానేయాల్సిన పని లేదు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల ఆస్పత్రుల్లో కూడా బయటి క్లినిక్‌ల కంటే బాగా తక్కువకి చేస్తారు. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఎక్కువసేపు కూర్చోవాలి, ఓపీ లైన్లో నిలబడాలి, కోర్సు అయిపోయి ఆ విద్యార్థి వెళ్ళిపోతే మీ కేసు ఇంకొకరికి మారుతుంది. కానీ ప్రతి అడుగూ ప్రొఫెసర్ చూసి సంతకం పెట్టాకే ముందుకు వెళ్తుంది కాబట్టి పని మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మెటలా, సిరామిక్కా, అలైనర్లా అని పిల్లలు నెట్ అంతా వెతికి వస్తారు. నా మాట అడిగితే టీనేజ్ పిల్లలకి మెటల్ క్లిప్పులే మంచివి. అలైనర్లు రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, తీసి పెట్టుకునేవి కాబట్టి తీసి బ్యాగులో మర్చిపోయే అవకాశమూ ఉంటుంది. అంటించినవైతే మర్చిపోయే ప్రశ్నే రాదు.

మొదలయ్యే ముందు

ముఖం, పళ్ళ ఫొటోలు తీస్తారు. ఓపీజీ అనే ఎక్స్‌రేలో రెండు దవడలూ అన్ని పళ్ళూ ఒకేసారి కనిపిస్తాయి, సెఫ్ అనే ఇంకో ఎక్స్‌రే తలని పక్క నుంచి చూపిస్తుంది. తర్వాత పళ్ళ అచ్చు తీస్తారు. కొన్నిచోట్ల ఇప్పుడు చిన్న కెమెరాతో స్కాన్ చేస్తున్నారు, అది లేకపోతే ట్రేలో మెత్తటి పేస్టు పెట్టి నోట్లో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచుతారు. కొందరికి వాంతి వచ్చేటట్టు ఉంటుంది. ముందుకి వంగి ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చమని చెప్పండి, కడుపు నిండా తిని వెళ్ళవద్దు.

ఈ దశలోనే పుచ్చిన పళ్ళకి ఫిల్లింగులు, క్లీనింగు అన్నీ అయిపోవాలి. డాక్టరుకి దాచకుండా చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు దురద పుట్టి పుండు పడే పిల్లలకి నికెల్ పడకపోవచ్చు, తీగల్లో నికెల్ ఉంటుంది. ఫిట్స్‌కి మందులు వాడుతుంటే, వాటిలో కొన్నిటికి చిగుళ్ళు వాచే గుణం ఉంది. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నా చెప్పాలి. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉంటే, అలాంటి ఎనామిల్‌కి బ్రాకెట్లు సరిగా అంటుకోక తరచుగా ఊడుతుంటాయి. ఆ సంగతి డాక్టరుకి కనిపిస్తుంది, దానికి తగ్గట్టు పంటిని సిద్ధం చేస్తారు, కానీ ఊడితే ఆశ్చర్యపోకుండా మీరూ సిద్ధంగా ఉండండి.

ఇక పళ్ళు పీకడం గురించి. దవడలో చోటు చాలకపోయినా, పళ్ళు బాగా ముందుకి వచ్చినా, కోరపన్ను వెనకాల ఉండే చిన్న దవడ పళ్ళని, చాలాసార్లు పైన రెండు కింద రెండు, తీయిస్తారు. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "పై పన్ను పీకితే కంటిచూపు పోతుందే అమ్మా, వద్దని చెప్పు" అని అమ్మమ్మ పట్టు పడుతుంది. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు. పన్నుకి వెళ్ళే నరం వేరు, కంటిచూపు నరం మెదడులోకి వెళ్ళే దారి వేరు. పెద్దావిడతో వాదన పెట్టుకునే బదులు ఆవిడని కూడా క్లినిక్‌కి తీసుకెళ్ళి డాక్టరు చేతే చెప్పించండి, మా ఇంట్లో అలాగే సర్దుకుంది. పీకిన ఆ చోటు ఖాళీగా ఉండిపోదు, మిగతా పళ్ళని అందులోకి జరిపి మూసేస్తారు. అయినా పళ్ళు పీకడం వెనక్కి తీసుకోలేని పని కాబట్టి, ఎందుకు అవసరమో ఎక్స్‌రే మీద చూపించి చెప్పమనండి, మీకు అనుమానంగా ఉంటే ఇంకో ఆర్థోడాంటిస్టుని అడగండి. మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు.

క్లిప్పులు వేసే రోజు

కొందరికి దీనికి కొన్ని రోజుల ముందు వెనక దవడ పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు ఇరికిస్తారు, ఆ పళ్ళకి ఉంగరంలా తొడిగే లోహపు బ్యాండ్లు దిగడానికి చోటు రావాలి కదా. పళ్ళ సందులో మాంసం ముక్క ఇరుక్కున్నట్టు రెండు మూడు రోజులు సలుపుతుంది. పిల్లలు నాలుకతో వాటిని కదిపి ఊడదీస్తుంటారు, వద్దని చెప్పండి.

అసలు రోజున సూది మందు ఉండదు, ఈ ఒక్క మాట ముందే చెబితే పిల్లల టెన్షన్ సగం దిగిపోతుంది. పెదవుల్ని పక్కలకి లాగిపెట్టే ప్లాస్టిక్ చట్రం పెడతారు, నోరు తెరిచే ఉండిపోతుంది, లాలాజలం లాగే గొట్టం ఒకటి చెంప పక్కన గురగురమంటూ ఉంటుంది. పళ్ళని శుభ్రం చేసి ఒక్కో పంటి మీద నీలం రంగు జెల్ చుక్క పెడతారు. అది ఫాస్ఫారిక్ యాసిడ్, నాలుకకి తగిలితే పుల్లగా ఉంటుంది. అరనిమిషం తర్వాత కడిగి గాలి ఊది ఆరబెడితే పన్ను సుద్దముక్కలా తెల్లగా కనబడుతుంది. అక్కడ జిగురు రాసి, చిమటాతో బ్రాకెట్ పెట్టి, సరిగ్గా కుదిరిందో లేదో ఒకటికి రెండుసార్లు జరిపి చూసి, నీలం లైటు వేస్తారు. కొన్ని సెకన్లలో గట్టిపడిపోతుంది. ఇలా అన్ని పళ్ళకీ అయ్యాక సన్నటి తీగ ఒకటి బ్రాకెట్ల గాడుల్లో కూర్చోబెట్టి, చిన్న రంగు రబ్బర్లతో కడతారు. మొత్తం గంట నుంచి రెండు గంటలు పడుతుంది. నొప్పి ఉండదు, దవడ మాత్రం లాగుతుంది.

రంగు ఎంచుకోమన్నప్పుడు పిల్లలు పారదర్శకంగా ఉండేవి అడుగుతారు. మన వంటల్లో పసుపు లేని రోజు లేదు. పప్పు, సాంబారు, పులిహోర తిన్నాక ఆ రబ్బర్లు రెండు మూడు రోజుల్లో పచ్చబడి పళ్ళే గారపట్టినట్టు కనిపిస్తాయి. ముదురు నీలమో, బూడిద రంగో తీసుకుంటే వచ్చే నెల మార్చేదాకా హాయి.

మొదటి వారం

ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు బాగానే ఉంటారు. నాలుగైదు గంటల తర్వాత సలుపు మొదలై, మర్నాటికి బాగా పెరిగి, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. పళ్ళన్నీ వదులై కొరకడానికి భయంగా ఉండే నొప్పి ఇది. ఎందుకంటే పన్ను ఎముకలో నేరుగా పాతుకుని లేదు, మధ్యలో సన్నటి పొర ఉంటుంది. తీగ పన్నుని నెట్టే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పోసుకుంటుంది. నెలకి సుమారు ఒక మిల్లీమీటరు కదలడమే మంచి వేగం. కాబట్టి "త్వరగా అవ్వాలి, గట్టిగా బిగించండి" అని డాక్టరు మీద ఒత్తిడి తేకండి, ఎక్కువ బలం పెడితే పంటి వేళ్ళు అరిగే ప్రమాదం ఉంది.

నొప్పికి పారాసెటమాల్ చాలు, బరువుకి తగ్గ మోతాదు డాక్టరుని అడిగి రాయించుకోండి. బ్రూఫెన్ రకం మాత్రలు పన్ను కదలడానికి శరీరం వాడుకునే రసాయనాలనే అడ్డుకుంటాయని చాలామంది ఆర్థోడాంటిస్టులు పారాసెటమాల్ వైపే మొగ్గుతారు. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

వేయించేది శుక్రవారం సాయంత్రమో శనివారమో అయితే మంచిది, ఆదివారం ఇంట్లో ఉండవచ్చు. ఆ రాత్రి మెత్తగా కలిపిన పెరుగన్నం, మర్నాడు ఉప్మా, ఇడ్లీ, రాగి జావ, పొంగలి, మెత్తటి పప్పన్నం, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు. చపాతీ మెత్తగా ఉన్నా మొదటి రెండు రోజులు కొరకలేరు, పాలలో నానబెట్టి ఇవ్వండి. కారం కూడా తగ్గించండి, ఎందుకంటే రెండో రోజుకి చెంపల లోపల బ్రాకెట్లు ఒరుసుకుని పుళ్ళు పడతాయి, ఆవకాయ తగిలిందంటే కళ్ళలో నీళ్ళే. క్లినిక్‌లో ఇచ్చే మైనాన్ని బఠాణీ గింజంత తీసి, వేళ్ళతో నలిపి, ఒరుసుకునే బ్రాకెట్‌ని దూదితోనో టిష్యూతోనో తుడిచి ఆరబెట్టి దాని మీద నొక్కాలి. తడిగా ఉంటే అంటదు. మింగినా ప్రమాదం లేదు. రోజుకి మూడు నాలుగుసార్లు గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే పుళ్ళు త్వరగా మానతాయి. రెండు మూడు వారాల్లో చెంపలు అలవాటు పడతాయి.

మాట కొంచెం ముద్దగా వస్తుంది, లాలాజలం ఎక్కువగా ఊరుతుంది. రెండూ త్వరలోనే పోతాయి.

తినేవి, మానేవి

డాక్టరు ఇచ్చే కాగితంలో పాప్‌కార్న్, యాపిల్, చూయింగ్ గమ్ అని రాసి ఉంటుంది. మన ఇంట్లో బ్రాకెట్లు ఊడగొట్టేవి వేరు. జంతికలు, చేగోడీలు, సంక్రాంతికి చేసే సకినాలు, పల్లీ చిక్కి, గట్టిపడిన నువ్వుండలు, దోర జామకాయ, చెరుకుగడ, పొత్తు మీద మొక్కజొన్న, చికెన్ ముక్కలోని ఎముక, ఐసు ముక్కలు. ముఖ్యంగా ఆవకాయలో టెంక ఉన్న ముక్క, అలవాటు కొద్దీ దాన్ని పళ్ళ మధ్య పెట్టి లాగుతాం, బ్రాకెట్ దాంతో పాటే వస్తుంది.

అన్నీ మానేయమనడం లేదు. జామకాయ, యాపిల్ సన్నగా ముక్కలు కోసి వెనక పళ్ళతో నమిలితే సరి. మొక్కజొన్న గింజలు ఒలిచి ఉడకబెట్టి ఇవ్వండి. ఆవకాయ పిండి కలుపుకోవచ్చు, ముక్క వద్దు. అప్పడం పప్పన్నంలో నానితే ఏమీ కాదు. మునక్కాయ పీచు, గోంగూర కాడలు బ్రాకెట్ల చుట్టూ చుట్టుకుంటాయి, మునక్కాయ గుజ్జు చెంచాతో గీరి పెట్టండి. పెన్ను మూత కొరకడం, గోళ్ళు కొరకడం, సోడా సీసా మూత పంటితో తీయడం ఇవి తిండి కాకపోయినా ఊడగొట్టేవే. కూల్‌డ్రింకులు, అంటుకునే చాక్లెట్లు ఊడగొట్టడం అటుంచి పళ్ళనే పాడు చేస్తాయి.

పళ్ళు తోమడం, అసలు పని ఇదే

క్లిప్పులు తీశాక వరుస చక్కగా ఉండి కూడా ప్రతి పంటి మీద చతురస్రంగా తెల్ల మచ్చ కనిపించే పిల్లలు ఉంటారు. బ్రాకెట్ చుట్టూ పాచి పేరుకుని, దానిలోని ఆమ్లం ఎనామిల్‌లోని ఖనిజాన్ని లాగేస్తే ఆ మచ్చ పడుతుంది. పాచి అలాగే ఉంటే ఒక నెలలోనే మొదలవుతుంది, పూర్తిగా పోవడం కష్టం. ఇంత ఖర్చు పెట్టి, ఇంత ఓర్చుకుని చివరికి మచ్చల పళ్ళు తెచ్చుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం, అందుకే దీని మీద గట్టిగా చెబుతున్నాను.

మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు. ముందు బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య బ్రష్‌ని కిందికి వంచి పెట్టి చిన్నగా తిప్పుతూ తోమాలి, తర్వాత బ్రాకెట్ కింది వైపు నుంచి పైకి వంచి, తర్వాత బ్రాకెట్ మీద, చివరికి లోపలి వైపు, నమిలే వైపు. తీగ కింద బ్రష్ పోదు, దానికి సీసా కడిగే బ్రష్‌ని చిన్నది చేసినట్టుండే ఇంటర్‌డెంటల్ బ్రష్ మందుల షాపుల్లో దొరుకుతుంది. ఒక్కో రెండు బ్రాకెట్ల మధ్య దాన్ని తీగ వెనక దూర్చి పైకీ కిందికీ ఆడించాలి. మొదట్లో పది నిమిషాలు పడుతుంది, అలవాటయ్యాక ఐదు. పొద్దున, రాత్రి తప్పనిసరి, మధ్యాహ్నం బడిలో కనీసం గట్టిగా పుక్కిలించాలి, వీలైతే బ్యాగులో ఒక బ్రష్ ఉంచండి. రాత్రి పడుకునే ముందు డాక్టరు చెబితే ఫ్లోరైడ్ మౌత్‌వాష్. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మచ్చలున్న పిల్లలకైతే అడగకుండా వాడకండి.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని తోమడం ఆపేస్తారు పిల్లలు. సరిగా తోమడం లేదు కాబట్టే రక్తం వస్తోంది, మెత్తగా ఇంకా బాగా తోమితే వారం పది రోజుల్లో ఆగుతుంది. మొదటి రెండు నెలలు రాత్రిపూట ఫోన్ టార్చి వేసి మీరే చూడండి. పద్నాలుగేళ్ళవాళ్ళు విసుక్కుంటారు, అయినా చూడండి.

నెలనెలా వెళ్ళడం, రబ్బర్లు

నాలుగు నుంచి ఆరు వారాలకోసారి పిలుస్తారు. తీగ మారుస్తారు, సన్నటి దాని నుంచి మందపాటి దానికి వెళ్తారు, రంగు రబ్బర్లు మారుస్తారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మళ్ళీ సలుపు ఉంటుంది, మొదటిసారి అంత కాదు. యూనిట్ టెస్టు ముందు రోజు అపాయింట్‌మెంటు పెట్టుకోకండి.

కొన్ని నెలలయ్యాక పై కోర నుంచి కింది దవడ పన్నుకి తగిలించే చిన్న రబ్బరు బ్యాండ్లు ఇస్తారు. పళ్ళ వరుస సర్దేది తీగ, పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకదానితో ఒకటి కుదిరేటట్టు చేసేది ఈ రబ్బర్లు. వీటిని పెట్టుకోవడం పూర్తిగా పిల్లల పని, డాక్టరు వచ్చి పెట్టరు. రోజుకి 20 గంటలకి తగ్గకుండా ఉండాలంటారు, తోముకునేటప్పుడు తీయాలి, రోజూ కొత్తవి మార్చాలి, ఎందుకంటే సాగి సాగి బలం పోతుంది. రాత్రి మాత్రమే పెట్టుకుంటే పగలు పళ్ళు వెనక్కి వచ్చేస్తాయి, నొప్పి మాత్రం రోజూ కొత్తగా ఉంటుంది. నిన్న పెట్టుకోలేదని ఈరోజు రెండేసి పెట్టుకోకూడదు. వైద్యం ఆరు నెలలు సాగిపోయిందని వాపోయేవాళ్ళని అడిగి చూడండి, ఎక్కువసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. చిన్న డబ్బాలో కొన్ని బడి బ్యాగులో, కొన్ని స్నానాల గదిలో అద్దం దగ్గర ఉంచితే మర్చిపోవడం తగ్గుతుంది.

ఏదైనా ఊడితే

బ్రాకెట్ ఊడి తీగ మీద వేలాడుతుంటే కంగారు పడక్కర్లేదు, మైనం పెట్టి ఆపి మర్నాడు ఫోన్ చేయండి. అపాయింట్‌మెంటు దాకా దాచిపెట్టవద్దు, ఆ పన్ను అన్నాళ్ళూ వెనకబడుతుంది. తిడతారని పిల్లలు చెప్పరు, కాబట్టి ముందే "ఊడితే చెప్పు, ఏమీ అనను" అని మాట ఇవ్వండి. తీగ చివర చెంపలో గుచ్చుకుంటుంటే పెన్సిలు వెనక ఉండే శుభ్రమైన రబ్బరుతో మెల్లగా పంటి వైపు వంచండి, వంగకపోతే మైనం. బ్రాకెట్ మింగేస్తే మామూలుగా విరేచనంలో వెళ్ళిపోతుంది, డాక్టరుకి చెబితే చాలు. కానీ మింగాక ఆగకుండా దగ్గు, ఆయాసం ఉంటే అది ఊపిరితిత్తుల వైపు వెళ్ళి ఉండవచ్చు, వెంటనే ఆస్పత్రికి. ముఖం వాచినా, జ్వరంతో పాటు చిగురులో చీము కనిపించినా ఆగకూడదు. కబడ్డీ, క్రికెట్, కరాటే ఆడే పిల్లలకి క్లిప్పుల మీద పెట్టుకునే మౌత్‌గార్డు గురించి అడగండి, పెదవులు చిట్లకుండా కాపాడుతుంది.

పిల్లల మనసు

బడిలో మొదటి వారం ఎవరో ఒకరు ఏదో ఒక పేరు పెడతారు. ఫొటోల్లో నోరు మూసుకుంటారు, పెళ్ళిళ్ళకి రామంటారు. "ఇదంతా నీ మంచికే" అంటే వాళ్ళకి కోపం వస్తుంది. నిజంగా పనికొచ్చేది వాళ్ళని మొదటి నుంచీ నిర్ణయంలో కలుపుకోవడం. డాక్టరు మాట్లాడేటప్పుడు మీరు కాకుండా వాళ్ళనే ప్రశ్నలు అడగనివ్వండి. పిల్లకి ఇష్టం లేకుండా "పెళ్ళి సంబంధాలప్పుడు ఇబ్బంది" అని బలవంతంగా వేయిస్తే ఆ రబ్బర్లు ఎప్పటికీ డబ్బాలోనే ఉంటాయి. వద్దంటే ఆరు నెలలు ఆగి మళ్ళీ అడగండి, దవడ ఎదుగుదలతో ముడిపడిన కేసు కాకపోతే కొంపలేమీ మునగవు. ప్రతి నెలా ఒకే చోట నిలబెట్టి పళ్ళ ఫొటో తీసి పెట్టండి. అద్దంలో రోజూ చూసుకునేవాళ్ళకి మార్పు తెలియదు, మొదటి ఫొటో పక్కన ఐదో నెల ఫొటో పెడితే వాళ్ళే ఫ్రెండ్స్‌కి చూపిస్తారు.

తీసేశాక

తీయడం అరగంట నుంచి గంట పని. బ్రాకెట్లని పట్టుకారు లాంటి దానితో నొక్కితే టిక్కుమని ఊడతాయి, మిగిలిన జిగురుని పాలిష్ చేస్తారు. పళ్ళు జారిపోయేంత నున్నగా అనిపిస్తాయి, నాలుక ఆ రోజంతా వాటి మీదే ఉంటుంది.

వైద్యం అక్కడితో అయిపోలేదు. పంటి చుట్టూ ఉన్న పొరలోని నారలు కొత్త చోటికి అలవాటు పడడానికి ఏడాది దాకా పడుతుంది, అందాకా పళ్ళు పాత చోటికి పోదామనే చూస్తాయి. వాటిని ఆపేది రిటైనర్. కొందరికి ముందుపళ్ళ వెనక సన్నటి తీగ అంటించేస్తారు, కొందరికి తీసి పెట్టుకునే పారదర్శకమైన తొడుగు ఇస్తారు, చాలామందికి రెండూ. మొదటి కొన్ని నెలలు తినేటప్పుడు, తోమేటప్పుడు తప్ప రోజంతా, ఆ తర్వాత రాత్రిపూట. ఎన్నాళ్ళు అంటే, వరుస అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు.

తొడుగుని వేడినీళ్ళలో కడగకూడదు, వంకర పోతుంది. చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్. ఎక్కువగా పోయేది పెళ్ళి భోజనాల్లో, తీసి విస్తరి అంచున పెడతారు, తిన్నాక ఆకుతో పాటు మడిచేస్తారు. డబ్బా వెంట లేకపోతే తీయవద్దని నియమం పెట్టండి. రెండు మూడు రోజులు మానేసి పెట్టుకున్నప్పుడు బిగుతుగా ఉంటే పళ్ళు కొంచెం కదిలాయని అర్థం, రోజంతా పెట్టుకుంటే సర్దుకుంటుంది. అసలు ఎక్కకపోతే బలవంతంగా నొక్కకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అంటించిన తీగ ఒక పన్ను దగ్గర ఊడినా నొప్పి ఉండదు, కాబట్టి నెలకోసారి నాలుకతో తడిమి చూడమని చెప్పండి. హాస్టల్‌కి వెళ్ళే పిల్లలైతే చేరే ముందే అదే అచ్చుతో రెండో జత చేయించి, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి ఇంట్లో ఉంచండి.